గాయపడిన బాతుకు పరిచర్య

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రానికి చేరువగా ఉన్న ఊరు నౌపడ. హౌరా–చెన్నై రైలుమార్గంలో ఇది ఒక కూడలి. పర్లాకిమిడి సంస్థానాధీశులు వేయించిన చిన్న రైలుమార్గం 1900లో ఇక్కడి నుంచే మొదలైంది. అయితే నౌపడ పేరు చెప్పగానే ఉత్తరాంధ్ర ప్రజలకు ముందుగా స్ఫురించేది రైలు కాదు, ఉప్పు. సముద్రపు నీటిని మడులలోకి పారించి, ఎండకు ఇగిరించి, తెల్లని రాశులుగా పోగుచేసే పని ఇక్కడ తరతరాలుగా సాగుతున్నది. ఉప్పుమడులకు ఆవల చిత్తడినేలలు, వాననీటి చెరువులు, వరిపొలాలు విస్తరించి ఉంటాయి. నీరు, బురద, నత్తలు, చేపపిల్లలు ఉన్నచోట బాతుకు కొరత ఉండదు. అందుచేత ఇటువంటి పల్లెలలో చెరువుగట్టున ఉండేవారు నాలుగైదు బాతులను పెంచుకోవడం కద్దు. గుడ్లకోసం తెచ్చుకొన్న బాతులు కొన్నాళ్ళకే ఇంటిపిల్లలకు నేస్తాలవుతాయి. పిలిస్తే పలుకుతాయి, వెంట నడుస్తాయి, వీధిలో కొత్తవారు కనిపిస్తే గోలచేస్తాయి.

బాతుకు అన్నం పెట్టే నేలే దాని శత్రువులకు కూడా ఆశ్రయమిస్తుంది. తుప్పలలో నక్క, గట్ల బొరియలలో ముంగిస, రెల్లుపొదలలో బావురుపిల్లి, ఆకాశంలో గద్ద పొంచి ఉంటాయి. వీధికుక్కల సంగతి చెప్పనక్కరలేదు. నేలమీద బాతు నడక మందకొడి. పెంపుడు బాతులలో చాలావాటికి బరువెక్కిన ఒంటిని రెక్కలు మోయలేవు. నీటిలో ఉన్నంతసేపే దానికి రక్షణ. తెల్లవారుజామునో మునిమాపువేళనో గూటి తలుపు గడియ జారిందంటే చాలు. మరునాటి ఉదయం వాకిలినిండా ఈకలు, మూలన వణుకుతున్న ఒక్క బాతు మిగిలిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

ఆ మిగిలిన బాతు విషయంలో సాధారణంగా రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. ‘ఇక బతకదు’ అని కత్తిపీట అందుకొనేవారు కొందరు. అది కాఠిన్యమని అనడానికి వీలులేదు. బీదయింటిలో ఒక బాతు మాంసం ఒక పూట ఆహారం. రెండవ రకంవారు జాలిగుండెగలవారు. వారు బాతును ఒడిలోకి తీసుకొని, నోటిలో నీరు పోసి, గాయానికి నూనెలో కలిపిన పసుపు రాసి, ‘నీటిలో అయితే హాయిగా ఉంటుంది’ అని చెరువులో వదులుతారు. మొదటివారు తెలిసి చంపితే, రెండవవారు తెలియక చంపుతారు. ఈ రెండవ మరణమే ఎక్కువ విచారకరమైనది. ఎందుకంటే దెబ్బతిన్న బాతు అందరూ అనుకొనేదానికన్నా గట్టిపిండం. తొలి రెండురోజులు గడిస్తే, లోతైన గాయాల నుంచి కూడా అది తేరుకోగలదు. ఆ రెండురోజులలో దానికి కావలసింది చాలావరకు మనుషులు చేసే పనులు కాదు, వారు చేయకుండా ఉండే పనులు.

ఇది బోధపడాలంటే పక్షిదేహం గురించి కొంత తెలియాలి. పక్షులు బాధను బయట పెట్టవు. గుంపులో కుంటుతున్న పక్షినే వేటజంతువు ముందుగా ఎంచుకొంటుంది. కాబట్టి నొప్పిని దాచుకోవడం వాటికి పుట్టుకతో అబ్బిన రక్షణ. దాడి జరిగిన గంటకు బాతు లేచి నాలుగడుగులు నడిచి, గింజలు పొడిచిందంటే దానికేమీ కాలేదని అర్థం కాదు. పక్షికి రెండవ అపాయం భయం. మనిషి చేతికి చిక్కినా, కుక్క నోటికి చిక్కినా దాని గుండె ఒకే తీరుగా కొట్టుకొంటుంది. రక్తం పోయి, శరీరం చల్లబడి, దానికి భయం తోడైనప్పుడు ప్రాణం నిలబెట్టే వ్యవస్థ అంతా కుప్పకూలుతుంది. వైద్యులు దీనినే ‘షాక్’ అంటారు. గాయం చిన్నదైనా బాతు చనిపోయిందంటే తరచుగా కారణం ఇదే.

బాతు శరీరపు సహజ ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీల సెల్సియస్. మనిషిని తాకితే జ్వరం అనిపించే వేడి దానికి మామూలు. ఆ వేడిని కాపాడేది ఈకల కింది మెత్తని నూగు. ఆ నూగు తడవకుండా కాపాడేది పై ఈకల అల్లిక. తోక మొదట్లో ఉండే తైలగ్రంథి నుంచి బాతు ముక్కుతో తైలం తీసుకొని ఒళ్ళంతా పూసుకొంటుంది, ఈకలను ఒక్కొక్కటిగా సవరించుకొంటుంది. బాతువీపుమీద నీటిబొట్టు నిలవదని మనవారు ఊరకే అనలేదు. అయితే గాయపడి నీరసించిన బాతు ఈ పని చేయలేదు. చిరిగిన ఈకల సందున నీరు నేరుగా చర్మానికి చేరుతుంది. అటువంటి బాతును చెరువులో వదిలితే తడిసి, బరువెక్కి, చలికి బిగుసుకొని మునిగిపోతుంది. నీటిలో పుట్టి నీటిలో పెరిగే పక్షి నీటిలోనే మునిగి చనిపోవడం విపరీతంగా తోచవచ్చు. కానీ ఇది తరచుగా జరిగేదే. నూనె, వెన్న, జిడ్డుగల పూతమందులు కూడా ఇదే కారణం చేత కూడవు. అవి ఈకల అల్లికను పాడుచేస్తాయి.

కనుక మొదట చేయవలసిన పని బాతును ఎత్తి ఒక చీకటిగా ఉండే, పొడిగా ఉండే, గాలి ఆడే చోట ఉంచడం. ఎత్తడంలోనూ ఒక పద్ధతి ఉన్నది. పక్షికి మనకున్నట్లు ఊపిరితిత్తుల కింద విభాజకపటలం లేదు. రొమ్ముఎముక ముందుకు వెనుకకు కదలడం వల్లనే దానికి శ్వాస ఆడుతుంది. ప్రేమతోనే అయినా గుండెలకు గట్టిగా హత్తుకొంటే దానికి ఊపిరి అందదు. రెండు రెక్కలను ఒంటికి ఆనించి, పాతతువ్వాలు కప్పి, పొట్టకింద అరచేయి వేసి తీసుకోవాలి. మెడ పట్టుకొని గాని, కాళ్ళు పట్టుకొని గాని వేలాడదీయరాదు. పెద్ద అట్టపెట్టె అడుగున పాత నూలుబట్టలు పరచి అందులో కూర్చోబెట్టాలి. కోళ్ళగంపనైనా వాడవచ్చు, పైన గుడ్డ కప్పితే సరిపోతుంది. పెట్టె ఒక పక్కన మాత్రమే వేడి తగిలే ఏర్పాటు చేయాలి. గోరువెచ్చని నీరు పోసిన సీసాకు గుడ్డచుట్టి పెట్టినా, కాస్త ఎత్తున బల్బు వేలాడదీసినా చాలు. వేడి ఎక్కువైతే బాతు రెండవ పక్కకు జరగగలిగేలా చోటు ఉండాలి. ముక్కు తెరిచి రొప్పుతున్నదంటే వేడి ఎక్కువైందని గుర్తు.

నెత్తురు ధారగా కారుతూ ఉంటే మాత్రం ఆగరాదు. శుభ్రమైన గుడ్డతో గాయంమీద కొన్ని నిమిషాలపాటు ఎడతెగకుండా అదిమి ఉంచాలి. మాటిమాటికీ ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడివస్తుంది. కొత్తగా మొలుస్తున్న ఈక విరిగినా రక్తం చాలాసేపు కారుతుంది. అటువంటి ఈకకాడలో రక్తనాళం ఉండడమే దీనికి కారణం. రక్తం ఆగిన తరువాత గంటో రెండుగంటలో బాతును దాని మానాన వదిలివేయాలి. ఇరుగుపొరుగు పిల్లలు గుంపుగా వచ్చి చూడడం, పెట్టె తెరిచి పలకరించడం ఆ సమయంలో పనికిరావు.

నీరు తాగించే విషయంలో జాలి ఎక్కువ పొరపాట్లు చేయిస్తుంది. బాతు నాలుక మొదట్లోనే శ్వాసనాళపు ద్వారం ఉంటుంది. తల వాలిన పక్షి నోట్లో చెంచాతో పోసిన నీరు పొట్టలోకి పోతుందన్న నమ్మకం లేదు, ఊపిరితిత్తులలోకి పోవచ్చు. తల నిలబెట్టి, కళ్ళు తెరిచి, తనంతట తాను మింగగలిగినప్పుడే నీరు ఎదుట పెట్టాలి. ముక్కుకొనను నీటికి తాకిస్తే చాలు, కావాలంటే అదే తాగుతుంది.

గాయం కడగడం తరువాతి పని. ఇందుకు ఉప్పునీటిని మించినది లేదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపితే అది శరీరంలోని ద్రవాలతో సమానమైన ఉప్పదనం గల నీరవుతుంది. అది కణాలను బాధించదు. ఉప్పు పండే ఊరు గనుక ‘ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది’ అనుకొనే ప్రమాదం నౌపడవంటి చోట్ల ఉంటుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మడులలో ఇగిరిన నీటిలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. అటువంటి నీరు పచ్చిపుండును కాల్చి, మానవలసిన చర్మాన్ని చంపుతుంది. తాగేనీటి విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. కడలి పక్షులకు ఎక్కువైన ఉప్పును వెలికి పంపే గ్రంథులు కళ్ళపైన బాగా ఎదిగి ఉంటాయి. మంచినీటిలో పెరిగిన పెంపుడుబాతుకు ఆ శక్తి తక్కువ. ఉప్పునీటి బావులున్న ఇళ్ళలో, మనుషులు తాగే మంచినీటినే జబ్బుబాతుకు కూడా పెట్టాలి.

కడిగేటప్పుడు సూది తీసిన సిరంజితో నీటిని సన్నగా చిమ్మితే మట్టి, గడ్డిపరకలు, ఈకముక్కలు బయటికి వస్తాయి. పోవిడోన్ అయొడిన్ వాడదలచుకొంటే పలుచని తేనీటి రంగు వచ్చేవరకు నీటిలో కలిపి వాడాలి. నురుగువచ్చే పెరాక్సైడు, స్పిరిటు మంచి కణజాలాన్ని కూడా పాడుచేస్తాయి. భుజానికి దగ్గర లోతైన గాయం ఉంటే అక్కడ నీరు చిమ్మడం ఎంతమాత్రం తగదు. పక్షి దేహంలో ఊపిరితిత్తులతోపాటు గాలితిత్తులు ఉంటాయి. వాటి శాఖ రెక్క మొదటిఎముక బోలులోకి కూడా వ్యాపించి ఉంటుంది. అక్కడి ఎముక విరిగి బయటపడినప్పుడు పోసిన నీరు నేరుగా శ్వాసమార్గానికి చేరుతుంది. అంటే, గాయం కడుగుతూ పక్షిని ముంచివేసినట్లే. ఒక్కొక్కసారి చర్మంకింద బుడగలాగా ఉబ్బి, నొక్కితే చిటపటమన్నట్లు తోస్తుంది. గాలితిత్తి చిల్లుపడిందనడానికి అది గుర్తు. దానిని ఇంట్లో సూదితో పొడవక వైద్యునికి చూపాలి.

దాడిచేసిన జంతువు ఏదో తెలిస్తే గాయాన్ని అంచనా వేయడం సులభం. నక్క సాధారణంగా పక్షిని ఎత్తుకొనిపోతుంది, దాని నోటినుంచి జారిపడిన బాతే మిగిలేది. కుక్క కరిచి విదిలిస్తుంది, ఆకలికన్నా ఆటకోసమే ఎక్కువగా చంపుతుంది. అందువల్ల పైకి నాలుగు చిన్నపళ్ళగాట్లే కనిపించినా లోపల కండ నలిగి, పక్కటెముకలు చిట్లి ఉండవచ్చు. ముంగిస మెడను పడుతుంది. గద్ద పిల్లలకోసమే ఎక్కువగా వస్తుంది. అన్నిటికన్నా మోసకరమైనది పిల్లికాటు. సూదివంటి కోర దిగిన రంధ్రం పైకి వెంటనే మూసుకొనిపోతుంది, దాని నోటిలోని పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి లోపల పెరుగుతుంది. ఒకటి రెండు రోజులలోనే రక్తమంతా విషపూరితం కావచ్చు. పిల్లి, బావురుపిల్లి, కుక్క కరిచినప్పుడు గాయం ఎంత చిన్నదైనా ఆ రోజే పశువైద్యుని చేత సూక్ష్మజీవనాశక మందు వేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సంచార పశువైద్య వాహనాలు మొదలైన తరువాత 1962 నంబరుకు ఫోనుచేసి సాయం కోరే వీలు కలిగింది. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉన్నది.

మనుషుల మందులు ఇవ్వడం గురించి ఒక మాట చెప్పక తప్పదు. నొప్పికి తాను వేసుకొనే మాత్రలో సగం విరిచి బాతుకు కూడా వేద్దామని ఎవరికైనా తోస్తుంది. భారతదేశంలో రాబందులు దాదాపు కనుమరుగు కావడానికి కారణం డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు. ఆ మందు వేసిన పశువుల కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి లక్షలాదిగా మరణించాయి. 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని భారతప్రభుత్వం నిషేధించింది. ఆవుకు మేలుచేసిన మందు ఆకాశంలో తిరిగే పక్షిజాతినే తుడిచిపెట్టగలిగిందంటే, పక్షిదేహానికి మందు నిర్ణయించడం ఎంత సున్నితమైన పనో ఊహించవచ్చు. మందూ మోతాదూ వైద్యుడు చెప్పినవే అయి ఉండాలి.

ఉత్తరాంధ్ర తీరపు ఉక్కపోతలో మరొక శత్రువు ఈగ. పుండుమీద ఈగ వాలి పెట్టిన గుడ్లు ఒక్కరోజులోనే పురుగులవుతాయి. తోకకింద, రెక్కసందులలో, ఈకలు కప్పిన చోట ఇవి మొదట కనిపించవు. పూటపూటా ఈకలను తొలగించి చూడాలి. బియ్యపునూక వంటి తెల్లని గుడ్లు కనిపిస్తే తడిగుడ్డతో తుడిచివేయాలి, పురుగులుంటే పట్టుకారుతో ఏరివేసి ఉప్పునీటితో కడగాలి. బాతును దోమతెరకింద ఉంచడం ఈగను ఆపే సులువైన ఉపాయం. బాతులు నీళ్ళగా రెట్టవేస్తాయి కాబట్టి పెట్టెలో గుడ్డలు రోజుకు రెండుమూడుసార్లయినా మార్చవలసి ఉంటుంది. గాయపడ్డ బాతు సేవలో అన్నిటికన్నా ఎక్కువ శ్రమ ఇదే. రెండవ రోజుకు ఉత్సాహం చల్లారే ఇళ్ళలో బాతు బతకకపోవడానికి మురికిగుడ్డలే కారణమవుతాయి.

రెట్ట కూడా రోగం సంగతి చెబుతుంది. ఆకుపచ్చగా, పలుచగా వస్తున్నదంటే పొట్టలో ఆహారం లేక పైత్యరసం ఒక్కటే దిగుతున్నదని తెలుసుకోవచ్చు. రోజూ ఒకే వేళకు త్రాసులో తూచి బరువు రాసిపెట్టుకోవడం మరింత మేలు. కళ్ళకు కనిపించని నీరసం కాటాకు కనిపిస్తుంది. తూకానికి వీలులేనివారు రొమ్ముమీద చేయివేసి చూడవచ్చు. నడిమి ఎముక కత్తి అంచులాగా తగులుతూ ఉంటే కండ కరిగిపోతున్నదన్నమాట.

తిండి మెత్తగా, తడిగా ఉండాలి. బాతు పొడిమేతను నీరులేక మింగలేదు. నూకల జావ, నానబెట్టిన తవుడు, ఉడికించిన గుడ్డు, సన్నగా తరిగిన తోటకూర, చిదిపిన నత్తమాంసం దానికి ఇష్టం. గుడ్డు బాతుకు పెట్టడమేమిటని కొందరు సందేహిస్తారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, అవి గుడ్డులో పుష్కలం. బాతులకు కోళ్ళకన్నా నియాసిన్ అనే విటమిను ఎక్కువగా అవసరం, అది చాలకపోతే కాళ్ళు వంకరపోతాయి. కోళ్ళదాణా మాత్రమే తినిపించేవారు అందులో కొద్దిగా ఈస్టుపొడి కలపడం మంచిది. నీటిపాత్ర ముక్కు, కళ్ళు మునిగేంత లోతు ఉండాలి, ఒళ్ళు మునిగేంత వెడల్పు ఉండరాదు. ముక్కురంధ్రాలు, కళ్ళు కడుక్కోలేని బాతుకు కొద్దిరోజులలోనే కళ్ళు అంటుకొంటాయి.

విరిగిన రెక్కను ఒంటికి ఆనించి మెత్తని కట్టుతో నిలపవచ్చు. కానీ ఆ కట్టు రొమ్మును బిగించరాదన్న సంగతి ముందే తెలిసింది. పక్షుల ఎముకలు త్వరగా అతుకుతాయి, మూడువారాలలో చాలావరకు గట్టిపడతాయి. వంకరగా ఉంచితే వంకరగానే అతుకుతాయి కాబట్టి కట్టు వైద్యుడే కట్టడం మేలు. పెంపుడుబాతుకు ఒక రెక్క వాలిపోయినా బతుకుకు లోటులేదు, అది ఎగిరి వెళ్ళవలసిన దూరతీరాలేమీ లేవు. కాలు విరగడం అంతకన్నా కష్టమైనది. బరువంతా ఒక్కకాలిమీద మోపడంతో ఆ పాదం కింద పుండు పడుతుంది. మెత్తని పరుపు అందుకే అవసరం. రాలిపోయిన ఈకలు కొన్నివారాలలో తిరిగి మొలుస్తాయి. నడిమికి తెగిన ఈక మాత్రం ఏటేటా ఈకలు రాల్చే కాలం వరకు అలాగే ఉంటుంది.

ఇంత చేసినా కొన్ని బాతులు దక్కవు. వెన్ను విరిగి కాళ్ళు పూర్తిగా పడిపోయినా, పొట్ట చీలి పేగులు బయటపడినా, రోజులు గడిచేకొద్దీ తల ఎత్తలేని స్థితి వచ్చినా, నొప్పి లేకుండా ప్రాణం పోయేలా చేయమని వైద్యుని కోరడం క్రూరత్వం కాదు. ఇంటిలో పిల్లలున్నప్పుడు వారికి తెలియకుండా ఆ పని ముగించి ‘ఎగిరిపోయింది’ అని చెప్పేవారున్నారు. వారం రోజులు గుడ్డలు మార్చిన పిల్లవానికి ఆ మాట చెప్పడం న్యాయమేనా అన్నది పెద్దలు ఆలోచించుకోవలసిన విషయం. మరొక సంగతి కూడా ఉంది. మందులు వేసిన బాతు చనిపోతే దానిని వండుకొనరాదు, కుక్కలకు వేయరాదు, లోతుగా పాతిపెట్టాలి.

తేరుకొంటున్న బాతుకు మందుకన్నా ఎక్కువగా పనిచేసేది తోడు. ప్రాచీన కవులు చక్రవాకాల జంటను ప్రేమకు నిదర్శనంగా వర్ణించారు. తెలుగులో జక్కవలని పిలిచే ఆ పక్షులు బాతుల కుటుంబానికి చెందినవే. శ్రీనాథుని శృంగారనైషధంలో నలునికి చిక్కిన హంస విలపించేది తన ప్రాణంకోసం కాదు, ముసలితల్లికోసం, భార్యాబిడ్డలకోసం. ఇవి కవుల భావనలే కావచ్చు, కానీ బాతు ఒంటరితనాన్ని సహించదన్న పరిశీలన వాటి వెనుక లేకపోలేదు. ఇందుకు ఆధునికశాస్త్రం కూడా ఒక నిదర్శనం చూపింది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో కొందరు శాస్త్రవేత్తలు బాతులను వరుసగా కూర్చోబెట్టి వాటి నిద్రను పరిశీలించి 1999లో ఫలితాలను ప్రకటించారు. వరుస నడుమనున్న బాతులు రెండుకళ్ళూ మూసుకొని ఎక్కువగా నిద్రించాయి. చివరనున్న బాతులు తరచుగా మెదడులో సగాన్ని మేలుకొలిపి, బయటివైపు కన్ను తెరిచి ఉంచాయి. అపాయం ఎటునుంచి రాగలదో అటు కావలి కాయడమన్నమాట. దాడికి గురై ఒంటరిగా పెట్టెలో పడివున్న బాతుకు అన్నివైపులా అంచే, నడుమ అనేది లేదు. అది కంటినిండా నిద్రపోలేదు. నిద్రలేనిదే గాయం మానదు. కనుక రెండవరోజో మూడవరోజో, మందలో సాధువైన మరొక బాతును జాలీకి ఆవల దాని కళ్ళబడేలా ఉంచాలి. ఇద్దరినీ ఒకేచోట వెంటనే కలిపితే ఆరోగ్యంగా ఉన్న బాతు పుండును పొడవవచ్చు. తోడులన్నీ చనిపోయి ఒక్కటే మిగిలినప్పుడు పెట్టెకు ఒక పక్కన చిన్న అద్దం నిలబెట్టేవారు ఉన్నారు. దానివల్ల కొన్ని బాతులు నెమ్మదిస్తాయి. అయినా అద్దం అద్దమే, వీలైనంత త్వరలో మరొక బాతును తేవడమే తగినది.

నౌపడ పరిసరాలలో ఇంటిబాతులతోపాటు అడవిపక్షులు కూడా గాయపడి కనిపిస్తూ ఉంటాయి. సమీపంలోని తేలినీలాపురంలో ఏటా శీతకాలానికి ముందు గూడబాతులు, రంగురంగుల పెద్దకొంగలు చేరి చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. ఊరివారు వాటిని ఆదరంగా చూసుకొంటారు. అవి సైబీరియానుంచి వస్తాయని లోకంలో ప్రచారం ఉన్నది గాని, ఈ రెండూ దక్షిణాసియాలోనే పుట్టి పెరిగే జాతులు. గూడబాతు పేరులో బాతు ఉన్నా అది బాతుల వంశానికి చెందినది కాదు. 2021 డిసెంబరులో, ఆ తరువాతి వారాలలో అక్కడ వందకు పైగా గూడబాతులు మరణించాయి. పరాన్నజీవులైన నులిపురుగులే అందుకు కారణమని గుర్తించారు. ఇటువంటి పక్షి గాయపడి దొరికితే, చీకటి, వెచ్చదనం, నిశ్శబ్దం అనే ప్రథమచికిత్స వరకు దానికీ వర్తిస్తుంది. ఆపైన అటవీశాఖవారికి అప్పగించాలి. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని ఇంటిలో ఉంచుకోవడం నేరం. ఇంటిబాతులున్న పెరటిలోకి దానిని తేవడం కూడా మంచిది కాదు. పైకి ఏ లక్షణమూ చూపకుండానే నీటిపక్షులు బర్డ్‌ఫ్లూ వంటి వ్యాధులను మోయగలవు. ఏ పక్షిని తాకినా తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

పుండు పూర్తిగా పూడి, పైన పొడిచర్మం కమ్మిన తరువాతనే బాతుకు మళ్ళీ నీరు చూపాలి. మొదట పెద్ద బేసినులో, ఎండబాగా ఉన్న మధ్యాహ్నవేళ, పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలలో గమనించవలసింది ఒక్కటే. వీపుమీద నీరు ముత్యాలలాగా జారిపోతున్నదా, ఈకలు చీకిరిగా అంటుకొంటున్నాయా? అంటుకొంటే వెంటనే తీసి తుడిచి ఆరబెట్టాలి. మరి నాలుగురోజులు ఈకలు సవరించుకోనిచ్చి తిరిగి ప్రయత్నించాలి. నీరు జారిపోతూ ఉంటే రోజురోజుకు వ్యవధి పెంచి, చివరకు మందతోపాటు చెరువుకు పంపవచ్చు. కొన్ని బాతులు దాడి జరిగిన చోటికి వెళ్ళడానికి చాలాకాలం మొరాయిస్తాయి. వాటిని తోలక, గింజలు చల్లుతూ మెల్లగా అలవాటు చేయాలి.

అంతకుముందే గూడు బాగుపరచవలసి ఉంటుంది. ఒకసారి రుచిమరిగిన నక్కగాని కుక్కగాని మళ్ళీ అదే దారిన వస్తుంది, చాలాసార్లు మరునాటి రాత్రే వస్తుంది. కోళ్ళకు కట్టే పలుచని వల కోళ్ళను లోపల ఉంచగలదు గాని కుక్కను బయట ఆపలేదు. అర అంగుళం కన్నులుగల గట్టి ఇనుపజాలీ వేయాలి. దానిని గోడ అడుగున ఆపక, మరొక అడుగు మేర బయటివైపు నేలమీద పరచి మట్టికప్పితే తవ్వేజంతువు కాళ్ళకు జాలీయే తగులుతుంది. పైకప్పు కూడా మూయాలి, పిల్లి గోడెక్కి దూకగలదు. తలుపుకు తోస్తే జారే గడియ కాక, తిప్పి బిగించే కొక్కెం పెట్టాలి. దీపాలవేళకు ముందే బాతులను లోపలికి తోలి, లెక్కపెట్టి, కొక్కెం బిగించే పనిని ఇంటిలో ఒకరికే అప్పగించాలి. ఇద్దరికి అప్పగిస్తే, రెండవవారు వేసి ఉంటారని ఇద్దరూ అనుకొనే రాత్రి ఒకటి వస్తుంది.